లాభం, ఉం, దోయిష్

నా పేరు ఎల్లమ్మ. మెదక్ జిల్లా కంది ఊరి రాజయ్య పెద్దబిడ్డను. వయసు అరవై దాటింది. ఎంత దాటిందో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. పెనిమిటి కాలం చేశాడు. కొడుకు బాలయ్య, కోడలు సాయవ్వ, తమ్ముడి బిడ్డ లచ్చవ్వ, నేను, ఇంతే మా ఇంట్లో. ప్రస్తుతం గోవాలో, ఇనుపరాయి తవ్వే గుట్ట కింద, కొబ్బరాకుల గుడిసెలో ఉంటున్నాము. నేను చెప్పబోయేదంతా నా కళ్లతో చూసింది, నా నోటితో అన్నది. ఎవరూ నేర్పి చెప్పించింది కాదు.

మొన్న కచేరీలో పరంగి దొర ముందర నాతో ఇట్లాగే మొదలుపెట్టించారు తమ్ముడూ. నీ కార్డు విన్న తర్వాత నువ్వూ నాకు దొరవే అయినావు గనుక, నీ ముందర కూడా ఇట్లాగే మొదలుపెట్టాను.

ఇక అక్కగా చెప్పేది. చిరంజీవి పెంటయ్యకు, మరదలు నర్సవ్వకు, ఇంట్లో చిన్నాపెద్దా అందరికీ నా దీవెనలు. మేము ఇక్కడ ప్రాణాలతో ఉన్నాము. నర్సవ్వ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? ఆవనూనె కాచి రాయమని చెప్పాను, రాస్తున్నదా? కర్రెద్దు కాలికి దెబ్బ తగిలిందని ఎవరో అన్నారు, మానిందా? వెలిమెల చిన్నమ్మ ఇంకా అందరినీ తిడుతూనే ఉన్నదా? తిడుతూ ఉంటే బాగున్నట్టే. లచ్చవ్వ బాగున్నది. ఈ మాట ఈ ఉత్తరంలో ఇంకా చాలాసార్లు చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నమ్ము.

ఈ ఉత్తరం రాస్తున్నది సంగారెడ్డి ఇమామ్ సాబ్. మన బజారులోనే పుట్టి పెరిగినవాడు, ఇక్కడ గుట్ట కింద దర్జీ పని చేసుకుంటున్నాడు. బడిలో తెలుగు చదువుకున్నాడట. నేను నోటికొచ్చినట్టు చెబుతుంటే ఆయన సాపు చేసి రాస్తున్నాడు. మాట మారితే మారనీ, సంగతి మారవద్దని చెప్పాను. నీ కార్డు చదివి వినిపించింది కూడా ఆయనే. చివరి వరసకు వచ్చేసరికి ఆగిపోయాడు.

"గంతే ఎల్లవ్వా, ఇగ దస్తకత్తే ఉన్నది," అన్నాడు.

"నీ కండ్లు కిందికి పోతనే ఉన్నయి సాబ్. ఉన్నది సదువు," అన్నాను.

చదివాడు. 'నీ లెక్క తప్పి నా బిడ్డ కాలు పోయిందట. పిల్లను పంపు. నువ్వు మాత్రం నా గడప తొక్కకు.' ఈ మాట నీకు ఎవరు చేరవేశారో నాకు తెలుసు. ఇక్కడి నుండి పారిపోయినవాడు సంగారెడ్డి అంగట్లో నిలబడి చెప్పి ఉంటాడు. వాడు ఆ సాయంత్రం గుట్ట మీద లేడు. నేను ఉన్నాను. అందుకని మొదటి నుండి చెబుతాను, చివరిదాకా వినిపించుకో. చివరి మాట ఒక్కటే వినే మనుషుల వల్ల ఏమవుతుందో నాకు ఇప్పుడు తెలుసు.

బావి ఎండిపోయిన ఏడు నువ్వే లింగంపల్లి స్టేషన్ దాకా వచ్చి, "అక్కా, పిల్లను నీ చేతుల పెడుతున్న," అన్నావు. పిల్ల నెత్తిన చేయి పెట్టి సరేనన్నాను. ఇక్కడికి వచ్చాక ఏమున్నది, ఎర్రటి మట్టి. అన్నం ఎర్రగా, నీళ్లు ఎర్రగా, దగ్గితే ఎర్రగా. మన దగ్గర వాన వచ్చిపోతుంది. ఇక్కడ వచ్చి కూర్చుంటుంది. ఏది వండినా కొబ్బరి, ఏది తిన్నా చేప. చింతపండు బదులు ఏదో ఎండిన తొక్క వేస్తారు, పులుపు ఉంటుంది గాని రుచి ఉండదు. జొన్నరొట్టె కలలోకి వస్తుంది. మన మాట మాట్లాడేవాళ్లు మా గుంపు తప్ప ఎవరూ లేరు. సాయంత్రం గుడిసె ముందు కూర్చుంటే, కంది చెరువు కట్ట మీద ఎవరో పశువులను అదిలిస్తున్నట్టు చెవిలో వినబడుతుంది. అయినా పని ఉన్నది, తిండి ఉన్నది. మేము బాగానే ఉన్నాము.

పని ఎట్లా ఉంటుందంటే, గుట్టను గుంతగా తవ్వుతారు. ఆడవాళ్లు నిచ్చెన బాట మీద దిగి, ఇనుపరాయి గంపలకెత్తి పైకి మోస్తారు. పొద్దు వాలేసరికి అందరూ పైకి రావాలి. వచ్చాక కొమ్ము ఊదుతారు. కొమ్ము ఊదగానే కింద బండలో దట్టించిన మందు పేలుస్తారు. కాబట్టి పైకి ఎందరు వచ్చారన్న లెక్క ఒట్టి లెక్క కాదు. ఆ లెక్క మీద ప్రాణాలుంటాయి.

నా నడుము గంప మోయలేకపోయింది. మా గుంపు మీద మిగేల్ అని ముకద్దం ఉన్నాడు, ఈ దేశపు కిరస్తానీ మనిషి. పొద్దున కిందికి దిగేవాళ్లను తానే లెక్కపెడతాడు. మా గుంపులో మోసే ఆడవాళ్లు పది మంది. సాయంత్రం మాత్రం కొమ్ము దగ్గర నిలబడి బీడీ తాగాలి గనుక, గుంత మొగదల నన్ను నిలబెట్టి, వచ్చేవాళ్లను లెక్కపెట్టి గట్టిగా చెప్పమన్నాడు.

మనుషులను లెక్కపెట్టడమేమిటి? జీవాలనే వేలు చూపి లెక్కపెట్టనివాడు మన నాయన. పిల్లలు ఎందరని ఎవరన్నా అడిగితే 'దేవుడిచ్చినంతమంది' అనేది మన అవ్వ. ఆ మాట మిగేల్‌కు ఎట్లా చెప్పాలి? మన మాటలో లెక్కపెడితే దిష్టి తగులుతుందనుకుని, వాళ్ల మాటలో లెక్కపెడతానన్నాను. వాళ్ల అంకెలకు మన పిల్లల పేర్లు తెలియవు గదా.

కంపెనీ వంటశాలలో రోజా అనే ముసలామె ఉన్నది. నా ఈడుదే, నాకంటే మొండిది. ఆమెకు మన మాట రాదు, నాకు ఆమెది రాదు. ఇద్దరికీ వచ్చిన తుర్కమాట అరకొర. నా కుడిచేయి తన ఒళ్లో పెట్టుకుని, వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ నొక్కుతూ నేర్పింది. ఉం, దోయిష్, త్రేష్, క్వాత్రు, సింకు. కొబ్బరి తురుముతూ మళ్లీ అడిగేది. సైష్, సెత్, ఓయ్తు, నోవ్, దెష్. తప్పు చెబితే గరిటెతో కణుపు మీద ఒకటి వేసేది. దీన్ని పుస్తకాలలో బుడతకీచుల భాష అంటారని ఇమామ్ సాబ్ చెబుతున్నాడు. నడుస్తుంటే చదివేదాన్ని, నీళ్లు తోడుతుంటే చదివేదాన్ని. నా కోడలు సాయవ్వ బాలయ్యతో అంటుంటే విన్నాను, "మీ అవ్వకు గాలి సోకింది, ఉం ఉం అంటున్నది."

ఇక్కడే అసలు సంగతి. నాకు పది అంకెలూ వచ్చాయి. కాని మొదటి పిల్ల గుంతలోంచి తల ఎత్తగానే నా నోరు 'ఉం' అనలేదు. 'లాభం' అన్నది.

నువ్వే చెప్పు, ఇంకేమంటుంది? కల్లంలో నాయన కుంచం చేతబట్టి కూర్చుంటే, మనిద్దరం ఊపిరి బిగబట్టి రాశి పక్కన కూర్చునేవాళ్లం గదా. మొదటి కుంచం పోస్తూ ఏనాడన్నా 'ఒకటి' అన్నాడా? 'లాభం' అనేవాడు. తర్వాత 'రెండు'. ఒకటి అంటే, ఒక్కటేనా అని రాశి చిన్నబుచ్చుకుంటుందనేవాడు. గింజలకే అంత మర్యాద ఉంటే, కన్నపిల్లలకు ఉండదా? అందుకని నేను మొదటి పిల్లకు లాభం అనేదాన్ని, రెండో పిల్ల దగ్గర ఉం మొదలుపెట్టేదాన్ని. లాభం, ఉం, దోయిష్. అట్లా లెక్కపెడితే, పది మందీ పైకి వచ్చేసరికి నా నోట 'నోవ్' పలుకుతుంది. నోవ్ అంటే తొమ్మిది. మిగేల్ మొదటిరోజు పరేషాన్ అయ్యాడు. పరుగెత్తుకొచ్చి తానే లెక్కపెట్టుకున్నాడు, పది మంది ఉన్నారు. తర్వాత అతనికి అర్థమైంది. ముసలిది నోవ్ అంటే అందరూ వచ్చినట్టు. ఇక కొమ్ము దగ్గర నుండి కదిలేవాడు కాదు. ఆ చివరి మాట కోసమే చెవి పెట్టేవాడు.

పైగా వేళాకోళం. "బుడ్డీ, యే లాభం కౌన్ హై? రోజ్ ఊపర్ ఆతీ, నీచే కభీ నై జాతీ," అనేవాడు. ఈ లాభం ఎవరు, రోజూ పైకి వస్తుంది గాని కిందికి దిగగా ఏనాడూ చూడలేదు అని. ఆడపిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. అందరికంటే ఎక్కువ నీ బిడ్డ నవ్వేది. ఎప్పుడన్నా గంప ఆలస్యమైతే, "నేను లాభం గాదత్తా, లచ్చవ్వను, నా కోసం ఆగు," అనేది.

ఆ రోజు పొద్దున పరంగి దొర గుంతలు చూడడానికి వస్తాడని అందరినీ బట్టలు దులుపుకోమన్నారు. కిందికి దిగేముందు లచ్చవ్వ నా దగ్గరికి వచ్చింది.

"అత్తా, ఇయ్యాల జెర మంచిగ లెక్కవెట్టు. దొర ముంగట మన ఇజ్జత్ పోతది."

"ఏంది, నా లెక్క మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. కని గా లాభం ఇయ్యాలొక్కనాడు ఇడిసిపెట్టు. ఉం కాడికెల్లి అను. నీకు రాదని నవ్వుతరు."

నాకు రాదా? రోజా గరిటె దెబ్బలు తిని నేర్చుకున్నదాన్ని. సరే చూడు అన్నాను. నవ్వుకుంటూ దిగిపోయింది, తల మీద వాళ్లమ్మ చీరపేలిక చుట్టకుదురు పెట్టుకుని. గంప కింద పెట్టుకునే ఆ చుట్టబట్ట నర్సవ్వ పాత ముదురాకుపచ్చ చీరది. పిల్ల దానిని రాత్రి తల కింద కూడా పెట్టుకునేది.

సాయంత్రం అయింది. దొర రానే లేదు. అయినా మాట ఇచ్చాను గనుక, మొదటి పిల్ల తల కనబడగానే ఉం అన్నాను. దోయిష్, త్రేష్, ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఓయ్తు. నోవ్. నోవ్ అని, దెష్ కోసం చేయి చాపి నిచ్చెన బాట వైపు చూస్తూ నిలబడ్డాను. దెష్ రాలేదు. ఒక్క పిల్ల కింద ఉన్నది. ఆ ఒక్కతీ ఎవరో మొహాలు చూడకుండానే నాకు తెలిసింది.

వెనక నుండి కొమ్ము మోగింది.

నేను అన్నది నోవ్. అది నిజమైన తొమ్మిది. అతను విన్నది రోజూ వినే నోవ్. తమ్ముడూ, ఇందులో నా లెక్క ఎక్కడ తప్పిందో చూపించు. అన్ని రోజులూ తప్పుగా అన్నప్పుడు అతనికి పది మందీ దొరికారు. ఒక్కరోజు అచ్చంగా అన్నాను, నీ బిడ్డ దొరకలేదు.

మన మాటలో అరిచాను, తుర్కమాటలో అరిచాను. కొమ్ములో కలిసిపోయింది. దిగబోతే ఇద్దరు పట్టుకున్నారు. ఒకడి చేయి కొరికాను, ఆ మచ్చ అతనికి ఇంకా ఉన్నది. అంతలో గుట్ట అదిరింది. దుమ్ము పైకి లేచింది. దుమ్ము తగ్గేదాకా ఆగమన్నారు, నేను ఆగలేదు. చీర కొంగు మూతికి చుట్టుకుని దిగిపోయాను. లచ్చవ్వా అని పిలుచుకుంటూ రాళ్ల మీద పాకాను. నీళ్ల కుండలు పెట్టే బండచాటు నుండి, "అత్తా, ఈడున్న," అని వినబడింది. ఆ గొంతు నీ గొంతే తమ్ముడూ. చిన్నప్పుడు గడ్డివాములో దాక్కుని నువ్వు ఇట్లాగే అనేవాడివి.

చుట్టకుదురు మరిచిపోయి వెనక్కి వెళ్లిందట. కొమ్ము వినగానే బండ కిందికి దూరింది. ఆ తెలివి ఉన్నది గనుక పిల్ల మిగిలింది. ఒక బండ దొర్లి ఎడమ కాలి మీద, మోకాలి కింద పడింది. మగవాళ్లు గడ్డపారలతో లేపారు. బాలయ్య భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. దారి పొడుగునా పిల్ల ఏడవలేదు. "అమ్మ చీర ఆడనే ఉన్నది బావా," అని మాత్రం అన్నది.

కన్యాస్త్రీలు నడిపే ఆసుపత్రిలో చేర్చాము. ఎముక రెండు చోట్ల విరిగింది. డాక్టరు బద్దలు కట్టి, కాలివేళ్లు మాత్రం బయటికి వదిలాడు. వేళ్లు కదిలితే కాలు నిలుస్తుంది, కదలకపోతే మోకాలి కిందికి తీసేయాలన్నాడు. నీ దగ్గరికి కాలు పోయిందన్న మాట వచ్చింది ఆ రోజుల్లోనే. పోలేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం, కొంచెం ఆగు, వస్తున్నాను.

ఆ మధ్యలోనే కచేరీకి పిలిచారు. మిగేల్ ముందే చెప్పి ఉన్నాడు, ముసలిదానికి లెక్క రాదు, తప్పు చెప్పింది అని. పరంగి దొర అక్కడున్నవాళ్లను చూపించి లెక్కపెట్టమన్నాడు. మనుషులను పెట్టనన్నాను. దుబాసీ మొహం చిట్లించాడు. దొర సుద్దముక్కలు తెప్పించి బల్ల మీద పోశాడు. ఉం నుండి దెష్ దాకా ఒక్కటి తడబడకుండా చెప్పాను. తర్వాత దొర లాభం ఎవరని అడిగాడు. చెప్పాను. కల్లం సంగతి, నాయన సంగతి, కుంచం సంగతి, అన్నీ చెప్పాను. దుబాసీ అందులో ఎంత చెప్పాడో వాడికే తెలియాలి. దొర నవ్వలేదు. మిగేల్ వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగాడు. ఆ సాయంత్రం నీ కళ్లతో చూశావా అని. మిగేల్ లేదని ఒప్పుకున్నాడు. ఇప్పుడు గుంతలోకి దిగే ప్రతి మనిషికీ ఇత్తడి బిళ్ల ఇస్తున్నారు, పైకి వచ్చాక మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే కొమ్ము లేదు. నా పని పోయింది. ఇప్పుడు రోజా దగ్గర గిన్నెలు తోముతున్నాను.

మిగేల్ ఒకరోజు నారింజ పండ్లు పట్టుకుని ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మనే మనసు నాకు లేదు. లచ్చవ్వే పిలిచింది. అతన్ని పైకీ కిందికీ చూసి, "లాభం అచ్చిందా బాబూ, ఒక్కనివే వస్తివి?" అన్నది. అతను పండ్లు అక్కడ పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. నాకు జాలి కలగలేదు. కలిగిందని రాయవద్దని ఇమామ్ సాబ్‌కు చెప్పాను.

ఇక నువ్వు అడగనిది, దొర అడగనిది ఒకటి ఉన్నది. లెక్కలో నాది తప్పు లేదు, ఎవరి ముందైనా చెబుతాను. కాని బతికున్న పిల్లలను బోడిగా ఒకటి నుండి మొదలుపెట్టి లెక్కపెట్టానే, ముందు లాభం అనకుండా, అది గుచ్చుకుంటున్నది. ఇమామ్ సాబ్ అట్లాంటిదేమీ లేదంటాడు. రోజా తన మెడలోని శిలువ ముద్దుపెట్టుకుంటుంది. నువ్వు నాయన దగ్గర నాతోపాటు కూర్చున్నవాడివి. ఆ దోషం ఉందో లేదో నువ్వే చెప్పాలి. గడప సంగతి తర్వాత, ముందు ఇది చెప్పు.

మొన్న శుక్రవారం కన్యాస్త్రీ వచ్చి లచ్చవ్వ కాలి దగ్గర కూర్చున్నది. ఒక్కొక్క వేలూ ముట్టుకుని కదిలించమన్నది. బొటనవేలు ముట్టుకుంది. పిల్ల పళ్లు బిగబట్టింది, చెమట కారింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వేలు కదిలింది, జొన్న మొలక మట్టిలోంచి కదిలినట్టు. కన్యాస్త్రీ ఉం అన్నది. నేను లాభం అన్నాను. ఆమె నా మొహం చూసి, మళ్లీ ఉం అనకుండా నా నోరు చూసి, తానూ నెమ్మదిగా లాభం అన్నది. తర్వాత వేళ్లు వరసగా కదిలాయి. చిటికెనవేలు ఇంకా కదలలేదు. డాక్టరు వచ్చి చూసి, కాలు ఉంటుందన్నాడు. కుంటు ఉంటుంది, కాలు ఉంటుంది.

పిల్లను పంపమన్నావు. పంపుతాను, నేనే తెస్తాను. సరిహద్దు దగ్గర ఇప్పుడు కాగితం లేనిదే ఎవరినీ దాటనివ్వడం లేదు, బాలయ్య కాగితం కోసం తిరుగుతున్నాడు. ఈ ఉత్తరం కూడా ఇమామ్ సాబ్ చుట్టం బెళగావి పోతూ అక్కడి డబ్బాలో వేస్తానన్నాడు. స్టేషన్‌లో నువ్వు పిల్లను నా చేతుల్లో పెట్టావు. నీ గడప బయట నిలబడైనా సరే, మళ్లీ నీ చేతుల్లోనే పెడతాను. లోపలికి రమ్మంటావో లేదో అప్పుడు నా మొహం చూసి చెప్పు. కార్డు మీద చెప్పవద్దు.

నర్సవ్వను తన పాత చీర ఒకటి చింపి ముక్క దాచమని చెప్పు. పిల్ల గంప మోయదు గాని, తల కింద పెట్టుకుంటుంది. వీలైతే కొంచెం చింతపండు కూడా ఎవరితోనైనా పంపు. ఈసారి జొన్న కల్లంలో మొదటి కుంచం పోసేటప్పుడు నాయన అన్నట్టే అను, గట్టిగా అను. ఇంత దూరం వినబడదని నాకు తెలుసు. అయినా అను.

వెలిమెల చిన్నమ్మకు దండాలు. ఆమె పాదాలకు నా బదులు నువ్వు మొక్కు. ఆమె తిడితే అది నాకు దీవెన. లచ్చవ్వ బాగున్నది.

ఇట్లు, నీ గడప బయట ఉన్న నీ అక్క

ఎల్లమ్మ ఎడమ చేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:

లాభం. లచ్చవ్వ, పెంటయ్య బిడ్డ, వేలిముద్ర. ఆసుపత్రి మంచం మీద కూర్చుని, తన చేత్తో తానే వేసింది.

రెండు. రోజా, కంపెనీ వంటశాల, శిలువ గుర్తు.

మూడు. ఇమామ్ సాబ్, దర్జీ, సంగారెడ్డి వాస్తవ్యుడు, ఉర్దూలో దస్తకత్తు. చెప్పింది చెప్పినట్టే రాశాను.